చాట ఆగితే కత బాగున్నట్టు

కూచో హరీషూ, ఆ ఫోను తర్వాత తీద్దువులే. రామనాథం బావ మీద మీ కాలేజీవోళ్లు పుస్తకం ఏస్తాండారంటనే? ఏసుకోండి. అందరూ ఆయప్ప కతల గురించే అడుగుతారు, ఆయప్ప చెల్లెలు శాంతకుమారి గురించి ఒగరన్నా అడగరు. నా మేనమామ కూతురప్పా. ఇరవై నిండకుండానే పాయ. ఏందీ, ఆయప్పకు చెల్లెలుండాదనే తెలీదా నీకు? చూస్తివా మరి.

మాది ఈడ నంద్యాల్లో కిరాణా అంగడి, వాళ్లది ఆళ్లగడ్డ. ఆ పిల్ల మాట్లాడదు. తినమని చెప్పాలన్నా కంచం ముందర పెట్టి నిలబడతాది, అంతే. బావ మాత్రం ఏ కత రాసినా మొదట దానికే సదివి వినిపించాల. అది శనగలు చెరుగుతా కూచుంటాది. చాట ఆగితే కత బాగున్నట్టు. చెరిగేది ఎక్కువైందనుకో, బావ మొకం మాడిపోతాది, కాగితాలు చించేస్తాడు. ఒగ తూరి కర్నూలు నుంచి పత్రికాయన వచ్చి, 'అద్భుతమండీ, ఇది అచ్చేస్తాం' అంటాండాడు, లోపల్నుంచి టపటపా చాట. బావ ఆయన చేతిలో కాగితాలు గుంజుకున్నాడు. ఆయన నోరెళ్లబెట్టె. నేను గోడ పట్టుకోని నవ్వినా.

యాడుంటిని? ఆఁ, దాన్ని నాకే ఇయ్యాలని పెద్దోళ్లు అనుకున్నారు. ఆ పిల్లకిష్టమేనా అంటే మా అమ్మ, 'దాన్నడిగేదేందిరా, మేనరికం గదా' అంటాది. నాకేమో భయం. నోరు తెరవని పిల్ల, నా ఇంటికొచ్చి లోపల్లోపల ఏడుస్తాంటే నాకెట్ల తెలిసేది? నువ్వడుగు బావా అని బతిమాలినా. అడిగితే చెప్పదురా అని, ఆయప్ప ఒగ కత రాసినాడు. నంద్యాల్లో అంగడి పిలగాడొగడు మరదల్ని అడగలేక ఆదివారమైతే చాలు శిరివెళ్ల మీదుగా బస్సులో ఆళ్లగడ్డకు రావడం, మజ్జిగ తాగడం, ఎనక్కి పోవడం. బావ సదువుతాండాడు, నేను తలుపెనక నిలబడినా. చాట ఆడుతానే ఉండాది. మజ్జిగ కాడికొచ్చేసరికి టక్కుమని ఆగింది చూడు. ఆ సంతోషంలో తలుపు నెట్టుకోని పోయి చాట మీద పడితి. ఇల్లంతా శనగలే. శాంత నన్ను చూసి నవ్వె. గట్టిగా నవ్వె అప్పా. ఆ పిల్ల నవ్వితే శబ్దం వస్తాదని నాకాపొద్దే తెలిసింది. నవ్వి నవ్వి వాళ్లన్నతో, 'ఆ పిల్ల ఒప్పుకున్నట్టు రాయన్నా' అనింది.

నాకింక భూమ్మీద కాళ్లు నిలవలేదు. మాఘంలో పెండ్లని బస్సులో పక్కన కూచున్నోళ్లకంతా చెప్పుకుంటా వస్తి. కండక్టరుకు బెల్లం పెట్టినా. కార్తీకంలో దానికి జరమొచ్చె. పదే దినాలు. నాకు కబురందేసరికే అంతా అయిపోయింది.

బావ చెల్లెలు చెప్పినట్టే రాసినాడు. ఒప్పుకున్నట్టు, పెండ్లయినట్టు, ఇద్దరూ ఈ అంగట్లో కూచోని వచ్చేపోయేటోళ్లను చూసి నవ్వుకుంటాన్నట్టు. నాకు తప్ప ఎవరికీ చూపీలేదు. లోపల పెట్టెలో ఉండాది. వద్దు నాయనా, మీ పుస్తకానికి ఇయ్యను. ఏందంటే, అచ్చేస్తే అది కతైపోతాది. ఇప్పుడైతే నాకు... నువ్వు కాఫీ తాగుతావా, టీనా?