కంటిచూపుతో నిలబడ్డ బిల్డింగు

"బాబాయ్! మీ ఇంజినీరమ్మ బ్యాగు సర్దుకుని బస్టాపుకి పోతోంది!"

వీధి చివర్నుంచి స్టోర్ కీపర్ పెట్టిన కేక, సైటు పక్కనున్న రేకుల మెస్సు దాకా వినబడింది. సైటంతా బాబాయ్ అని పిలిచే పెద్ద సూపర్‌వైజరు గుండెల్లో రాయి పడింది. కంపెనీవాళ్ళు ఈమధ్య కొత్త పద్ధతి పెట్టారు కదా, కాలేజీ నుంచి వచ్చిన ప్రతి ఇంజినీరునీ ఒక పాతకాపు చేతిలో పెట్టి పని నేర్పించడం. బాబాయికి అప్పగించిన ముగ్గురిలో ఇద్దరు ముందే పని మానేసి వెళ్ళిపోయారు. మిగిలింది ఈ పిల్లే. కొత్తగా పోసిన కాంక్రీటు స్తంభం ఒరిగిందని నిన్న మేనేజరు అందరి ముందూ ఆమెని కడిగి పారేశాడు.

బాబాయి వానలోనే పరుగెత్తి ఆమెని వెనక్కి తీసుకొచ్చాడు. "అన్నం తినకుండా బస్సెక్కుతావా తల్లీ? కూర్చో."

"ఇంకా ఉడకలేదు," అంది వంటక్క లోపల్నుంచి.

ఉడికేలోగా పిల్ల వెళ్ళిపోకూడదు. బాబాయికి తెలిసిన ఉపాయం ఒక్కటే, నోరు.

"నాకు మొట్టమొదట అప్పగించిన కుర్రాడికి టేపు పట్టుకోవడం కూడా రాదమ్మా. నెల తిరిగేసరికి గోడ వంకర కంటితో చెప్పేలా తయారుచేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కళ్ళు మూసుకుని గోడ మీద చెయ్యి పెడితే చాలు, లోపల ఎన్ని ఇటుకలున్నాయో చెప్పేసేవాడు!"

"విరిగినవి కూడానా?" అన్నాడు అన్నం కోసం కాచుకుని ఉన్న క్రేన్ ఆపరేటరు.

"విరిగినవి విడిగా చెప్పేవాడురా! మధ్యలో అడ్డు రాకు. ఒకసారి ఇరవై అంతస్తుల బిల్డింగు పక్కకి ఒరిగిపోయింది. తలపండిన ఇంజినీర్లంతా హెల్మెట్లు తీసి నెత్తి పట్టుకున్నారు. మావాడు వెళ్ళి ఎదురుగా నిలబడి, నేను నేర్పినట్టే, ఒక్క చూపు చూశాడు. అంతే! బిల్డింగు సిగ్గుపడి నిటారుగా నిలబడింది!"

"లోపల జనమో?" అన్నాడు వెనకే వచ్చిన స్టోర్ కీపర్.

"తొమ్మిదో అంతస్తులో ఒకావిడ టీ తాగుతోంది. చుక్క తొణకలేదు. ఆ కబురు పాకి ఎక్కడెక్కడి ఒరిగిన బిల్డింగులూ నడుచుకుంటూ వచ్చి మా సైటు గేటు దగ్గర క్యూ కట్టాయంటే నమ్ము! రోడ్డు మీద బస్సుకి దారి లేదు!"

స్టోర్ కీపర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పిల్ల పెదవి కూడా కాస్త కదిలేసరికి బాబాయికి ప్రాణం లేచి వచ్చింది.

"మీ శిష్యుడు ఎప్పుడైనా తప్పు చేశాడా?" అని అడిగింది మెల్లగా. "మేనేజరు తిడితే మీరేం చేశారు?"

"అడ్డంగా నిలబడ్డాను! ముందు నన్ను అను, తర్వాత వాణ్ణి అను అన్నాను!"

"మరి నిన్న?"

బాబాయి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఆమె ఆగలేదు.

"తూకం గుండు వేలాడదీసి స్తంభం నిటారుగా ఉందో లేదో చూద్దామన్నాను. నా కన్ను ఉండగా గుండు ఎందుకు, కాంక్రీటు పోయించెయ్ అన్నారు మీరే. నిన్న మేనేజరు నన్ను తిడుతున్నంతసేపూ మీరు మీ బూట్లు చూసుకున్నారు."

క్రేన్ ఆపరేటరు తల పక్కకి తిప్పుకున్నాడు. బాబాయి నెత్తిన హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"తిన్నాక ఆఫీసుకి పోతాను," అన్నాడు. "గుండు వద్దన్నది నేనేనని చెప్తాను."

ఎవరూ నమ్మినట్టు లేదు. నమ్మమని అడగడానికి ఆయనకీ మొహం చెల్లలేదు.

"మేనేజరు ఏమంటాడో?" అన్నాడు స్టోర్ కీపర్.

"తెలీదురా."

ఆయన నోట ఆ మాట అక్కడెవరూ ఎప్పుడూ విన్లేదు.

వంటక్క పళ్ళాలు తెచ్చి వరసగా పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ పిల్ల కాసేపు నిలబడే ఉంది. తర్వాత బాబాయికి ఎదురుగా కూర్చుని, కూర గిన్నె ఆయన వైపు జరిపింది.

"వేసుకోండి," అంది. "ఖాళీ కడుపుతో మేనేజరు ముందు నిలబడలేరు."