లోవెల్ దిద్దిన బొమ్మ

సోమవారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్న మాట వర్నా నలుగురిలో అనకుండా ఉండాల్సింది. అనేసింది. అనగానే ఆమె మొగుడు లోవెల్ కాఫీ కప్పు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నలభై ఏళ్ళుగా వింటోంది వర్నా. ఇక ఈ పూట ఇంతే అనుకుని తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కళ్ళా? నా కళ్ళకి డాక్టరా? ఒరేయ్ ఎల్డన్, విన్నావా మా ఆవిడ మాట? అదిగో, ఆ గోడ మీద టీవీ ఉంది చూడు, దానికి బొమ్మ కుదిర్చిన కళ్ళురా ఇవి! మీటరు లేకుండా, మనిషి సాయం లేకుండా, ఉత్త కళ్ళతో!"

"అవునవును," అన్నాడు ఎల్డన్. పక్కింటివాడు. ఆవులు అమ్మేసిన దగ్గర్నుంచీ పాపం అతనికి శనివారం మధ్యాహ్నాలు ఎక్కడికీ వెళ్ళే పని లేదు. పక్కనే అతని భార్య మేవిస్, ఒళ్ళో అల్లిక పెట్టుకుని. కిటికీ దగ్గర వాళ్ళ పాత స్నేహితుడు టోయివో. ఒక కంటికి శుక్లం తీయించుకుని, కూతురి దగ్గర కొన్నాళ్ళు ఉండి, మళ్ళీ ఇవాళే ఆట చూడ్డానికి వచ్చాడు. రెండో కన్ను వచ్చే నెలట. మార్చి నెల, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, బయట మోకాలి లోతు మంచు. మంచు మీద ఆడే స్కూలు పిల్లల రాష్ట్ర హాకీ పోటీలు మొదలవడానికి ఇంకా టైముంది. టీవీ మాత్రం అప్పుడే వేసి ఉంది. ఆట చూసే ముందు తెర వేడెక్కాలని లోవెల్ పెట్టిన రూలు.

ఆ టీవీ సంగతి చెప్పాలి. అందులో మనుషులందరూ నీలంగా ఉంటారు. వార్తలు చదివే అమ్మాయిని అప్పుడే గడ్డకట్టిన సరస్సులోంచి పైకి లాగినట్టుంటుంది. వంటల కార్యక్రమంలో కాల్చిన కోడి కూడా నీలమే. లోవెల్ దాన్ని కుదిర్చి ఏడాదయింది. వచ్చినవాళ్ళందరూ చూశారు, ఒక్కళ్ళూ అనలేదు. ఆ ఊళ్ళో అనరు. అదంతా మొహమాటాల ఊరు. పళ్ళెంలో ఆఖరి ముక్క ఉంటే ఎవరూ తీసుకోరు, సగం కోసుకుంటారు. ఇంకొకరు ఆ సగంలో సగం కోసుకుంటారు. చివరికి చీమ కూడా మొహమాటపడేంత ముక్క మిగిలితే ఇంటావిడ దాన్ని లోపలికి తీసుకెళ్ళి పారేస్తుంది. అలాంటి చోట ఎదుటివాడి టీవీకి వంక పెడతారా? బ్రహ్మాండంగా ఉన్నా, దరిద్రంగా ఉన్నా వాళ్ళ నోట వచ్చేది ఒకటే మాట: "పర్లేదు." ఆ పర్లేదునే లోవెల్ శాలువాలా కప్పుకుని ఏడాదిగా తిరుగుతున్నాడు.

వర్నా కూడా అనలేదు. మొదటి రోజు అందామనుకుంది. అతని మొహంలో సంతోషం చూసి ఊరుకుంది. రెండోరోజు అనడానికి మొదటి రోజు ఎందుకనలేదో చెప్పాల్సొస్తుంది. అలా ఏడాది గడిచిపోయింది.

"కొన్న రోజున చూడాలి మీరు దీన్ని," అంటున్నాడు లోవెల్. "గడ్డి చూస్తే పళ్ళు పులిసేవి, అంత పచ్చ! జనం ఏం చేస్తారు? డబ్బా విప్పుతారు, గోడకి తగిలిస్తారు, చూసేస్తారు. అదీ ఓ చూడ్డమేనా? నేనలా కాదు. ముందు తెర వేడెక్కనిచ్చా. పరదాలు దించా, దీపాలార్పా. పాత హాకీ ఆటొకటి పెట్టి, మంచు నిండా కనపడే చోట ఆపా. మంచు తెల్లగా ఉంటే లోకంలో అన్నీ సరిగ్గా ఉన్నట్టే, అవునా కాదా? చూద్దును కదా, మంచంతా పసుపు! నిలవ వెన్నలా ఉంది! ఫ్యాక్టరీవాళ్ళ బుద్ధి అది. తగ్గించా ఆ పసుపుని. ఇంకా ఉంది. ఇంకా తగ్గించా. ఒక్కో గడీ ఒక్కో గడీ, నీలం పెంచుకుంటూ, పసుపు చంపుకుంటూ, తెలుపు తెలుపయ్యేదాకా లేస్తే ఒట్టు."

"మేం మాదాంట్లో 'సినిమా' అని ఉన్నది నొక్కి వదిలేశాం," అన్నాడు ఎల్డన్, తప్పు చేసినవాడిలా.

"నొక్కి వదిలేశావా! అయ్యో ఎల్డన్! పెళ్ళి చేసుకుని పెళ్ళాం మొహం చూడనట్టుంది నీ యవ్వారం."

"ఈయన అది కూడా చూడరులెండి," అంది మేవిస్, అల్లికలోంచి తల ఎత్తకుండా.

వర్నా నవ్వింది. నిమ్మకాయ కేకు పళ్ళెం ముందుకు జరిపింది. ఆఖరి ముక్క ఉంది. ఎల్డన్ అందులో సగం కోసుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి పట్నందాకా పాకింది. టీవీలకి బొమ్మ కుదిర్చే పనివాడొకడు, ఆ చదువు చదివినవాడు, పని కట్టుకుని వచ్చాడు. వాడి దగ్గరో రంగులు కొలిచే మీటరు. దాన్ని తెర మీద కప్పలా అతికించాడు. నేను వంటింట్లో ఉన్నా, వీపు ఇటు పెట్టుకుని. అక్కణ్ణుంచే అన్నా, బాబూ, నీ మీటరు ఎరుపు పిసరంత తక్కువ చెప్తోంది చూసుకో, అని. చూసుకున్నాడు. నిజం! ఆ మీటరు సిగ్గుతో ఊడి కింద పడింది. వాడు నా చెయ్యి పట్టుకుని, అయ్యా, ఈ పని ఇక నేను చెయ్యనండీ అని ఏడ్చాడు. ఇప్పుడెక్కడో చేపలకి ఎరలమ్ముకుంటున్నాట్ట."

"పాపం," అన్నాడు ఎల్డన్.

పట్నంనుంచి ఎవరూ రాలేదు. కేబులు బాగుచేసే కుర్రాడొకడు వచ్చాడు. టీవీ వంక చూశాడు, లోవెల్ వంక చూశాడు. పర్లేదండీ అని వెళ్ళిపోయాడు.

"బొమ్మ అంత నిజంగా ఉంటే ఏమవుతుంది? అది బొమ్మగా ఉండదు, అదీ చిక్కు! జనవరిలో ఓ రాత్రి వేసవికాలం సరస్సుల మీద ప్రోగ్రాం పెట్టా. కిటికీ అద్దాల మీద పేరుకున్న మంచు కరిగి ధారలు కట్టింది. అది సరే అనుకున్నా. కాసేపటికి గుయ్‌మని చప్పుడు. దోమలు! జనవరిలో! తెరలోంచి దండులా వచ్చేశాయి. ఇదిగో చూడు, మోచేతి కింద కుట్టిన మచ్చ ఇంకా పోలేదు."

"జనవరిలో దోమా?" అంది మేవిస్.

"మన దోమలు మామూలువా మేవిస్? నెల చూసుకుని కుడతాయా?"

మచ్చ చూసి మేవిస్ మళ్ళీ అల్లిక అందుకుంది. అది కరెంటు పొయ్యి మచ్చ. మండుతున్నప్పుడు వెలిగే ఎర్ర దీపం అతనికి కనపడలేదు, ఆరిందనుకుని చెయ్యి పెట్టాడు. ఆ రాత్రి వర్నాయే మందు రాసింది. రాస్తున్నంతసేపూ దీపం చెడిపోయిందని పోట్లాడాడు. దీపం చెడిపోలేదు.

"దోమలు నయం. హాకీ అప్పుడు చూడాలి! చలికి గ్లాసులో నీళ్ళు పైన పొరకట్టేవి. పోయినసారి మీరంతా కోట్లు విప్పకుండా కూర్చున్నారు, గుర్తుందా?"

"హీటరు తగ్గించావేమో అనుకున్నాం," అన్నాడు ఎల్డన్ నెమ్మదిగా.

"హీటరు! బొమ్మరా అది, బొమ్మ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆటలో ఒకడు కర్రతో ఒక్కటిచ్చాడు. ఆ రబ్బరు బిళ్ళ తెర దాటి, ఇదిగో నా చెవి పక్కనుంచి రయ్యిమని పోయి, ఆ మూల నిలువు దీపాన్ని ఫెటీల్మని పగలగొట్టింది! కావాలంటే చూడు, దీపం ఉందా అక్కడ? లేదు!"

నిజంగానే లేదు. పట్టపగలు దానికి తగులుకుని లోవెలే బోర్లాపడ్డాడు. ఆ గాజుముక్కలు చీపురుతో ఊడుస్తూ వర్నా మొదటిసారి ఏడ్చింది. దీపం గురించి కాదు. గురువారాల గురించి.

గురువారం వాళ్ళ మనవరాలు బ్రిటాకి హాకీ ప్రాక్టీసు. తల్లికి ఆ రోజు ఆసుపత్రిలో డ్యూటీ. అందుకని పిల్లని తాత బండిలో ఇంటికి తీసుకొస్తాడు, పొద్దుగుంకేవేళ, మంచు పట్టిన రోడ్డు మీద. తాత ఎర్రలైటు దగ్గర ఆగలేదు అమ్మమ్మా, అని ఆ పిల్ల చెవిలో చెప్పింది ఓసారి. తాతకి చెప్పకు, బాధపడతాడు అని కూడా అంది. పదేళ్ళ పిల్లకి కూడా అంత మొహమాటం నేర్పింది ఆ ఊరు. వర్నా డాక్టరు దగ్గర టైము తీసుకోవడం, లోవెల్ ఫోన్ చేసి వద్దనేయడం, ఇప్పటికి రెండుసార్లయింది.

"అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు," లోవెల్ గొంతు పెరిగింది. "మొన్న గురువారం! మా ఇంటి ముందు పోస్టు డబ్బా ఏమైందో ఎవరికైనా తెలుసా?"

వర్నా కాఫీ కూజా అందుకుని లేచింది.

"నేనూ అడుగుదామనుకున్నా," అన్నాడు ఎల్డన్. "బాగుండదని ఊరుకున్నా."

"మంచు ఊడ్చే బండ్ల మీద ప్రోగ్రాం వస్తోంది. అదిగో అంత తెర నిండా బండి. ముందర ఆ పార, మన గొడ్లపాకంత వెడల్పు. బొమ్మ మరీ కుదిరిపోయింది, తప్పు నాదే, ఇంకొక్క గడి తగ్గించాల్సింది. లోపలున్న డ్రైవరు నన్ను చూశాడు. అద్దం దించాడు. పెద్దాయనా, పక్కూరికి ఇటేనా దారి అన్నాడు. నేను ఇటే నాయనా అని తెలీక చెయ్యి చూపించా. అంతే! తెరలోంచి దిగాడు, ఈ గదిలోంచి పోయాడు, గోడలోంచి బయటపడ్డాడు, పోతూ పోతూ పోస్టు డబ్బాని ఎగరేసుకుపోయాడు! వెనక్కి తిరిగి థ్యాంక్స్ అని చెయ్యి ఊపాడు కూడా. మర్యాదస్తుడు, మనవైపువాడే."

"గోడలోంచా?" అన్నాడు ఎల్డన్. గోడ వంక చూశాడు. గోడ ఉంది.

"మళ్ళీ అతికించా! అతుకు కనపడుతోందా నీకు? కనపడదు! కళ్ళంటే అవిరా! ఇవి తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాలట!"

వర్నా నోరు తెరిచింది. డబ్బాని గుద్దిన బండి నీదేననీ, పక్క సీట్లో పిల్ల ఉందనీ, డబ్బా బదులు కరెంటు స్తంభం అయుంటే ఏమయ్యేదనీ, అన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చాయి. బయటికి మాత్రం ఎప్పుడూ వచ్చేదే వచ్చింది.

"ఎవరికైనా ఇంకాస్త కాఫీ?"

ఎవరూ వద్దనలేదు, కావాలనలేదు. మేవిస్ మిగిలిన కేకులో సగం కోసుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది వర్నాకి. ఒళ్ళంతా అలసటగా ఉంది. నీలం మొహాల్ని చూసి చూసి అలసిపోయింది. అబద్ధాలు విని కాదు, వాటి వెనక నిజాలు తనొక్కతే మోసి అలసిపోయింది.

"ఏం టోయివో?" లోవెల్ కిటికీ వైపు తిరిగాడు. "వచ్చిన దగ్గర్నుంచీ ఉలకవు పలకవు. కొత్త కన్ను పెట్టించుకొచ్చావుగా, నువ్వే చెప్పు. ఎలా ఉంది నా బొమ్మ?"

టోయివో చాలాసేపట్నుంచీ ఒక కన్ను మూసి తెరవడం, రెండోది మూసి తెరవడం వర్నా చూస్తూనే ఉంది. మందు మంట పుడుతోందేమో అనుకుంది. ఇప్పుడతను లేచి టీవీకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కుడి కన్ను చేత్తో మూసుకున్నాడు. చాలా తీరిగ్గా చూశాడు.

"అద్భుతం లోవెల్," అన్నాడు.

ఆ ఊళ్ళో ఆ మాట ఎవరూ వాడరు. మేవిస్ అల్లిక ఆగిపోయింది.

"నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. మంచు మంచులా ఉంది, మనిషి మనిషిలా ఉన్నాడు. ఇంత చక్కటి బొమ్మ నేనెక్కడా చూళ్ళేదు. మా ఇంటి టీవీ దీని ముందు పసుపు నీళ్ళే."

"విన్నావా వర్నా!" లోవెల్ కుర్చీలోంచి లేచిపోయాడు. "విన్నారా అందరూ! అదీ చూడ్డమంటే!"

"ఇది ఎడమ కన్ను," అన్నాడు టోయివో. "చెడ్డది. వచ్చే నెల కోసేది."

చేతిని ఎడమ కంటి మీదకి మార్చాడు.

"బాగుచేసిన కంటితో చూస్తే పాపం వీళ్ళంతా మునిగి చచ్చినట్టున్నారు. నాకూ అంతే లోవెల్, శుక్లం ముదిరితే అంతా పసుపే. ఆపరేషన్‌దాకా మా ఫ్రిజ్ పసుపుదే అనుకున్నా. తెల్లదట."

తెర మీద నీలం మనిషి ఒకడు నీలం పళ్ళతో టూత్‌పేస్టు అమ్ముతున్నాడు.

లోవెల్ ఎల్డన్ వైపు చూశాడు. "పర్లేదన్నావుగా?"

"పర్లేదనే అన్నాను," అన్నాడు ఎల్డన్, బూట్లవైపు చూసుకుంటూ.

"నీకలా ఇష్టమేమో అనుకున్నాం," అంది మేవిస్.

చివరికి భార్య వైపు తిరిగాడు. ఆ మొహం చూస్తే మళ్ళీ కాఫీ అడగాలనిపించింది వర్నాకి. కూజా బల్ల మీద పెట్టేసింది.

"నేనూ చెప్పలేదు. తప్పే. అలిసిపోయాను లోవెల్. పిల్లా నువ్వూ వచ్చేదాకా గురువారం గురువారం ఆ కిటికీ దగ్గర నిలబడి నిలబడి అలిసిపోయాను. నాకు భయంగా ఉంది."

లోవెల్ గోడ వంక ఓసారి చూశాడు. తను అతికించానన్న చోటు వెతుక్కుంటున్నట్టు చూశాడు. తర్వాత కూర్చున్నాడు.

"సోమవారం బండి ఎవరు నడుపుతారు మరి?"

"నేను."

జేబులోంచి బండి తాళాలు తీశాడు. చేతికివ్వలేదు. కేకు పళ్ళెంలో, మిగిలిన ఆ చిన్న ముక్క పక్కన పెట్టి, పళ్ళెం బల్ల మధ్యకి తోశాడు. ఎల్డన్, మేవిస్, టోయివో ముగ్గురూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. ఆ ఊళ్ళో పళ్ళెంలో ఆఖరిది ఎవరూ తీసుకోరు.

వర్నా తాళాలు తీసి గౌను జేబులో వేసుకుంది. కేకు ముక్క నోట్లో వేసుకుంది.