ఆఖరి స్థానానికి పోటీ

ఏడాది చివరి వారం. పరుగు మైదానం పక్కన రేకుల షెడ్డు. బల్లకి ఇటు కోచ్, అటు అరవై దాటిన ఒక పెద్దావిడ.

“మొదటి స్థానం అన్నారా?”

“ఆఖరి స్థానం అన్నా.”

“అమ్మా, వచ్చే ఏడాదికి లక్ష్యం చెప్పి చేరడం ఇక్కడ పద్ధతి. ఒకాయన నలభై రెండు కిలోమీటర్లు నాలుగు గంటల్లో అన్నాడు. ఒకమ్మాయి కొండ మీద పరుగు అంది. ఆఖర్న రావాలన్నది మీరొక్కరే.”

“మంచిదేగా. పోటీ తక్కువ.”

“ఆఖర్న రావడానికి కోచింగెందుకమ్మా? అది ఎవరికైనా వచ్చు.”

“నాకు రాదు బాబూ. నలభై రెండూ పరిగెడితేనేగా ఆఖర్న వచ్చేది. నేను బస్సు కోసం పరిగెడితే బస్సు పోయాకే చేరతా.”

“వయసు?”

“అరవై ఒకటి.”

“ఇంతకుముందు ఏమైనా ఆటలు, వ్యాయామం…”

“ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు చేశా. దుప్పట్లు. నిలబడటం వచ్చు.”

“పరుగు?”

“నిలబడటం వచ్చు అన్నాగా.”

“సరే. అసలు ఆఖర్న ఎందుకు?”

“మా కోడలు కూడా పరిగెడుతోంది.”

“ఓహో.”

“ఏంటి ఓహో?”

“ఏం లేదమ్మా. అత్తాకోడళ్ళ సంగతి. ఆవిణ్ణి దాటెయ్యాలన్నమాట.”

“దాటడం కాదయ్యా. వెనక రావాలి. ఆ పిల్ల ముగింపు గీత దాటాక నేను దాటాలి. అంతే.”

“అత్త కోడలి వెనకా?”

“నువ్వేంటి, అన్నీ రెండుసార్లు అడుగుతావు? ఈ నెల మొదట్లో పోటీ అయిందా? అందులో ఆ పిల్ల ఆఖర్న వచ్చింది.”

“ఎవరో ఒకరు రావాలిగా అమ్మా.”

“అదే. ఆ ఎవరో ఒకరు నేనవుతానంటున్నా.”

“ఆవిడ అంత బాధపడిందా?”

“ఆ పిల్ల వచ్చేసరికి గీత దగ్గర గాలి ఊది నిలబెట్టిన గుమ్మం దింపేస్తున్నారు. నీళ్ళ బల్లలు మడిచేశారు. పతకాలబ్బాయి డబ్బా వ్యాన్లో పెట్టేసుకుని, మళ్ళీ దిగొచ్చి ఒకటి ఇచ్చాడు. ఇదంతా మా పెద్దకోడలు ఫోన్లో తీసింది.”

“ఆవిడా పరిగెత్తిందా?”

“పొద్దున ఆఫీసువాళ్ళతో ఐదు కిలోమీటర్లు నడిచింది. ఇంటికెళ్ళి, స్నానం చేసి, భోంచేసి మళ్ళీ వచ్చింది.”

“చప్పట్లు కొట్టడానికా?”

“నవ్వడానికి. వీడియోలో తను కనపడదు, నవ్వొకటే వినపడుతుంది. తీసుకెళ్ళి ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టింది.”

“అది ఈవిడ చూసి…”

“ఆ పిల్ల ఆ గ్రూపులో లేదు.”

“ఎందుకు?”

“లేదంతే. అయినా చేరింది. అలాంటివి నడుచుకుంటూ వెళ్ళి చేరతాయి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అన్నారా?”

“మీరెప్పుడైనా కొట్టారా?”

“సామెత చెప్తే నామీద కేసు పెడతావేంటి?”

“లేదమ్మా, ఊరికే. తర్వాత ఏమంది?”

“వచ్చే డిసెంబర్లో ఇంకొక్కసారి పరిగెడుతుందిట. ఈసారీ ఆఖరైతే బూట్లు పారేస్తానంది.”

“పోనీ పారెయ్యనివ్వండి. పరుగు అందరికీ పడదు.”

“బూట్లు పారేస్తే మంచం ఎక్కుతుంది.”

“ఒంట్లో బాలేదా?”

“ఒళ్ళు బాగానే ఉంది. అంతకుముందు ఏడాదంతా కర్టెన్లు తియ్యలేదు. పెడితే కంచం వంక చూసేది, తినేది కాదు. ఎవరో చెప్పారని పొద్దున్నే పరుగు మొదలెట్టింది. నెలకి కర్టెన్లు తీసింది. రెండు నెలలకి నన్ను కసిరింది. అప్పుడు నమ్మా, బాగుపడుతోందని.”

“ఏడాదంతా అలా ఉండటానికి కారణం…”

“నువ్వు పరుగు నేర్పుతావా, పంచాయితీ పెడతావా?”

“పరుగే, పరుగే. పోనీ ఇలా చేద్దాం. ఆవిణ్ణే ఇక్కడికి పంపండి. ఏడాదిలో కాస్త వేగం పెంచుతా. ఆఖర్న రాదు, మీకీ తిప్పలుండవు.”

“ఆ పిల్ల వేగం ఆ పిల్లది. దుప్పటి మడత పెట్టే తీరు మార్చాలని ఎనిమిదేళ్ళు చూశా. నేను, దుప్పట్లలో ముప్పై ఏళ్ళు బతికినదాన్ని. మారలేదు. ఇప్పుడు నేనే ఆ పిల్లలా మడుస్తున్నా.”

“అయితే మా కుర్రాళ్ళలో ఒకణ్ణి వెనక రమ్మంటా. ఎవరికీ చెప్పడు.”

“పాతికేళ్ళవాడు ఈలేసుకుంటూ వెనక వస్తుంటే జాలిపడుతున్నారని తెలిసిపోదూ? నన్ను చూస్తే నమ్ముతుంది. ఈవిడ నిజంగానే రాలేకపోతోంది అనుకుంటుంది.”

“నిజంగానే రాలేరు కదమ్మా.”

“అదే చెప్తున్నా. నాకు నటించే పని కూడా లేదు.”

“మీ అబ్బాయి రావచ్చుగా ఆవిడ వెనక?”

“వాడికి కుదరదు.”

“మోకాలి నొప్పా?”

“కుదరదు.”

“సరే. కానీ ఇందులో ఒక చిక్కుంది. ఆఖర్న ఒక బండి వస్తుంది. నెమ్మదిగా వస్తుంది, కానీ ఆగదు. అది మిమ్మల్ని దాటిందో, ఎక్కించేసుకుంటారు. ఎక్కితే మీరు పరిగెత్తినట్టే కాదు. అప్పుడు ఆఖరు స్థానం మళ్ళీ ఆవిడదే.”

“అంటే ఆ పిల్ల వెనక, బండి ముందు.”

“అంతే.”

“ఆ మధ్యలో ఎంత చోటుంటుంది?”

“మొన్న ఆఖరుగా వచ్చినావిడకీ బండికీ… అదే, మీ కోడలికీ బండికీ పది నిమిషాలుంది.”

“చాలు. నేను సన్నగానే ఉంటా.”

“నవ్వులాట కాదమ్మా. మొదటి స్థానానికి గట్టిగా పరిగెడితే చాలు. మీరడిగిన స్థానానికి గట్టిగా పరిగెత్తినా తప్పే, మెల్లిగా పరిగెత్తినా తప్పే. మీ వయసుకి ఇది నేల విడిచి సాము.”

“అందుకేగా నీ దగ్గరికొచ్చా. నేల మీద సాముకైతే మా పార్కు చాలు.”

“ముందు డాక్టరు దగ్గరికెళ్ళి గుండె చూపించుకోవాలి.”

“చూపించా. ఆయనా నీలాగే ఓహో అన్నాడు. తర్వాత సరే అన్నాడు.”

“మార్చికల్లా ఐదు కిలోమీటర్లు. సగం నడక, సగం పరుగు.”

“మార్చికల్లా పది.”

“ఇది బేరం కాదమ్మా.”

“సరే, ఎనిమిది.”

“ఐదు. జూనుకి పది. సెప్టెంబరుకి ఇరవై ఒకటి. నవంబర్లో ముప్పై. మధ్యలో కాలు బెణికితే అన్నీ వెనక్కి.”

“వెనక్కి వెళ్ళడమే కదా నాక్కావాల్సింది.”

“అమ్మా!”

“సరే సరే. బెణకదు.”

“ఆవిడకి ఈ సంగతి తెలుసా?”

“తెలిస్తే మానెయ్యమంటుంది. ఒకటి కాదు, నాలుగు కసుర్లు కసురుతుంది. పోటీ రోజు తెలిస్తే తెలియనీ.”

“ఏడాదంతా ఎలా దాస్తారు? ఒకే ఇంట్లో ఉంటూ…”

“ఒకే ఇల్లు కాదు. ఆ పిల్ల వేరే ఉంటుంది. ఆదివారాలు వెళ్తా. మిగతా రోజులు ఏం చేస్తున్నానో అడగదు.”

“ఒక్కమాట అడుగుతా, కోప్పడకండి. గుమ్మం దింపేసినా, నవ్వినా, అయిపోయిందిగా. మీరింత కష్టపడితే ఆవిడకి దక్కేది ఏంటి? ఆఖరు నుంచి రెండో స్థానం. అంతేగా?”

“ఆ రోజు సాయంత్రం కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. నవ్వినదాని గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ‘అత్తయ్యా, మధ్యలో వెనక్కి తిరిగి చూశా, బండి ఒక్కటే ఉంది’ అంది. తిరిగి చూస్తే ఒక మనిషి ఉండాలి. మనిషి.”

“ఇదిగో ఫారం. ఇక్కడ సంతకం పెట్టండమ్మా.”

“ఏంటి, ఓహో అనవా?”

“అననమ్మా. రేపు ఐదున్నరకి రండి. ఈ బూట్లు ఎవరివి?”

“నావే. కొత్తవి.”

“ఒక సైజు పెద్దవి.”

“పరిగెడితే కాళ్ళు వాస్తాయన్నారు. ముందే వాపుకి కూడా కలిపి కొన్నా.”

“మార్చేసుకోండి. ఇంకొకటి. అరవై దాటినవాళ్ళకి నాదొక షరతు. పోటీ రోజు ఇంటిమనిషి ఒకరు గీత దగ్గర ఉండాలి. పేరు, ఫోన్ నంబరు ఇవ్వాలి.”

“కోడలి నంబరు రాసుకో.”

“ఆవిడ మీ ముందు పరిగెడుతుంటుందిగా!”

“అవును కదూ. మా పెద్దకోడలి నంబరు మాత్రం రాయకు.”

“మీ అబ్బాయిది చెప్పండి.”

“పెద్దాడు పెళ్ళాం చెప్పందే గడప దాటడు.”

“చిన్నబ్బాయిది చెప్పండి. ఈవిడ భర్తది.”

“వాడు రాడు.”

“రాడంటే ఎలాగమ్మా? తల్లి నలభై రెండు కిలోమీటర్లు పరిగెడుతుంటే, కట్టుకున్న భార్య పరిగెడుతుంటే, ఆ ఒక్కరోజు వచ్చి నిలబడలేడా?”

“వాడి భార్య పరిగెత్తదు. పదింటిదాకా లేవదు.”

“అదేంటి! ఇప్పటిదాకా కోడలు, కోడలు అన్నారు?”

“కోడలే.”

“మరి వాడి భార్య…”

“అది వేరే పిల్ల. వాడు చేసుకుని ఏడాదిన్నర అయింది. గ్రూపులో ఉన్నది ఆ పిల్లే.”

“అంటే ఈవిడ… విడాకులా?”

“రెండేళ్ళయింది.”

“అమ్మా, నాకు అర్థం కావట్లేదు. విడాకులు అయిపోయాక ఆవిడ మీకు కోడలెలా అవుతుంది?”

“విడాకులు మా వాడికిచ్చింది బాబూ. నాకివ్వలేదు.”