రంపం గొలుసుకి ఏ నూనె?

పొద్దుటి గాలివానకి పెరట్లో చెట్టు కూలి, కుట్టుమిషన్లు బాగుచేసే మామగారి షెడ్డు తలుపుకి అడ్డంగా పడింది. లోపల మామగారు. బయట అత్తగారు, అద్దెకు తెచ్చిన మోటారు రంపంతో అల్లుడు.

"పెట్రోలు పోసేశాను అత్తయ్యా. ఇక తాడు లాగడమే."

"ఆగు బాబూ, ఆగు. ఏమండీ, అల్లుడు రంపం మొదలెడతానంటున్నాడు!"

"నూనె ఏం పోశాడో అడుగు."

"ఏం నూనె పోశావని అడుగుతున్నారు బాబూ."

"వినపడింది అత్తయ్యా, మధ్యలో ఉన్నది కిటికీయేగా. పెట్రోల్లో కలపాల్సింది కలిపానని చెప్పండి."

"కలిపాడటండీ."

"అది ఇంజనుకే. మరి గొలుసుకో? గొలుసు నూనెకి వేరే మూత ఉంటుంది. అందులో ఏం పోశాడు?"

"రెండో మూత సంగతి అడుగుతున్నారు బాబూ."

"రెండో మూతా? అయ్యో, ఉంది అత్తయ్యా! ఊరికే అందానికి పెట్టారనుకున్నాను."

"అందానికా! చూశావుటే? ఊరందరి పెళ్లిళ్లకీ బాకా ఊదే మనిషి, మన పిల్లని మాత్రం చప్పుడు లేకుండా చేసుకుపోయాడు. ఇప్పుడేమో రంపానికి అందమట!"

"మీరు లోపలున్నారు, రంపం బయటుంది. కాస్త చూసుకుని మాట్లాడండి."

"అత్తయ్యా, నా జేబులో బాకా మీటలకి వేసే నూనె ఉంది. చిన్న సీసాయే కానీ నీళ్లలా జారుతుంది."

"నీళ్లలా జారితే ఏం లాభమో అడగవే! గొలుసు తిరిగే జోరుకి మొదటి చుట్టులోనే మొత్తం మొహాన చిమ్ముతుంది. అంటుకునేది కావాలి, అంటుకునేది! గొలుసుని పట్టుకుని వదలకూడదు."

"మరి మీ మిషన్ నూనె ఇవ్వండి. షెడ్డు నిండా అదేగా."

"అది ఇంకా పల్చన. సూది దగ్గర పనికొస్తుంది కానీ చెట్టు దగ్గర కాదు."

"అయితే నా స్కూటర్లోంచి తీసిన పాత నూనె ఉంది మామయ్యా. నల్లగా, చిక్కగా... అబ్బ! అత్తయ్యా, తిన్నగా ఆయన్నే అడిగేశాను."

"అడుగు నాయనా, అడుగు. పెళ్లైన దగ్గర్నుంచి మీ ఇద్దరికీ నా నోరే టెలిఫోను. దవడలు పీకుతున్నాయి."

"ఊఁ... పాత నూనెలో ఇనప రజను ఉంటుంది. గొలుసుని తినేస్తుంది. పైగా ఆ కిందే మీ అత్తయ్య మొక్కలున్నాయి."

"'మీ అత్తయ్య' అన్నారు! విన్నావా బాబూ? 'మీ' అత్తయ్య!"

"నోరు జారిందే!"

"జారనివ్వండి. ఇంత నూనె గురించి మాట్లాడితే జారదూ?"

"మామయ్యా, గొలుసు నూనె అనే ఒకటి అమ్ముతారుగా. కొట్టుకెళ్లి తేనా?"

"వద్దు! వెళ్లకు! అంటే... వాన కదా. కొట్టు తీసి ఉండదు."

"వాన ఎప్పుడో వెలిసిందండీ."

"నువ్వుండవే."

"పోనీ వంటనూనె పోస్తే?"

"వంటనూనా! ఏ బుద్ధిమంతుడైనా... ఆగు. ఆగాగు. ఒక్క పూట పనికి పోయొచ్చు. అంటుకుంటుంది, మొక్కలకీ అంత చేటు కాదు. కానీ పనవగానే గొలుసు విప్పి శుభ్రంగా తుడవాలి. అలాగే వదిలేస్తే బంకలా పట్టేస్తుంది."

"తెస్తున్నా! పల్లీలదా, పొద్దుతిరుగుడుదా?"

"ఏదో ఒకటి తేవే! చెట్టుకేం రుచి తెలుసు?"

"హహ్హహ్హ! మామయ్యా, మీరు ఇలా కూడా మాట్లాడతారా?"

"నవ్వకు. నవ్వితే చెయ్యి వణుకుతుంది, నూనె ఒలుకుతుంది."

"ఒలికింది మామయ్యా."

"ఒలికిందట! హహ్హ... సరే, మూత బిగించు. ఎదురుగా తెల్ల అట్టముక్క పెట్టి, ఆనించకుండా గొలుసు తిప్పు. అట్ట మీద నూనె చార పడితే గొలుసుకి నూనె అందుతున్నట్టు."

"పడింది! చార పడింది మామయ్యా!"

"ఏదీ, రంపం ఆపి కిటికీ దగ్గరికి తే. ఆహా! చూడవే, గీత గీసినట్టు ఎంత తిన్నగా పడిందో!"

"మరి మన అల్లుడండీ."

"ఊఁ. అది... అదీ... ఇంట్లో... మిషన్ ఎలా ఉంది?"

"మీ అమ్మాయా మామయ్యా?"

"మిషన్ అన్నాను!"

"మిషన్ కిర్రుకిర్రుమంటోంది. నేను నూనె వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది. మా నాన్న వచ్చి వేస్తాడులే అంటుంది."

"ఏమండీ? ఏమండీ, కళ్లు తుడుచుకుంటున్నారేం?"

"కంట్లో రంపపు పొట్టు పడిందే."

"ఇంకా కొయ్యనే లేదుగా!"

"అయితే కొయ్యమను! కొయ్యి నాయనా, కొయ్యి. మీ అత్తయ్యని దూరంగా నిలబెట్టి కొయ్యి. నువ్వూ కాళ్లు జాగ్రత్త."

"అలాగే మామయ్యా! చెవులు మూసుకోండి!"

"...అయిపోయిందా బాబూ?"

"అయిపోయింది అత్తయ్యా! వెన్న కోసినట్టు కోసింది! దుంగ దొర్లించేశాను. మామయ్యా, తలుపు గట్టిగా బయటికి తొయ్యండి!"

"బయటికెందుకు అల్లుడూ? ఇది లోపలికి తెరుచుకునే తలుపు. పొద్దున్నే కొమ్మల కిందుగా దూరి వచ్చి, టీ తాగి, మీ అత్తయ్య చేత నీకు ఫోన్ చేయించి, మళ్లీ లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాను."