మూత మీది అమ్మ

వానకి కరెంటు పోయింది. టీ కొట్టులో కొవ్వొత్తి వెలిగించారు. ఊరంతా బామ్ బావ అని పిలిచే ఆయన బెంచీ మీద కాలు మీద కాలేసుకుని, దర్జీనీ డ్రైవరునీ దగ్గరికి జరగమన్నాడు.

"మొదట్లో చిన్న సంగతేలే. నేను చేసే తలనొప్పి బామ్ మూత మీద మా అమ్మ బొమ్మ ఉంటుంది కదా, అది చూసే జనం కొంటారు. వాడెవడో అచ్చం అలాంటి బొమ్మే పెట్టి ట్రేడ్‌మార్కుకి దరఖాస్తు చేశాడు. వాడికి రిజిస్టరైతే రేపు మా అమ్మ బొమ్మ నేనే పెట్టుకోకూడదంటారు! ఒళ్ళు మండిపోయింది. 'జనం మోసపోయేంత పోలిక ఉంది, ఇవ్వడానికి వీల్లేదు' అని అభ్యంతరం పడేశాను. అంతే."

"ఓస్, అంతేనా?" అన్నాడు దర్జీ.

"నాతో పెట్టుకుంటే అంతేతో పోతుందా! మా లాయరు ఒకటే చెప్పాడు. 'రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి చూడకండి. కొనేవాడు ఎప్పుడో చూసిన బొమ్మని లీలగా గుర్తుపెట్టుకుని వస్తాడు. ట్రేడ్‌మార్కు ఆఫీసరూ అలాగే చూస్తాడు' అన్నాడు. నేను ఊరుకునే రకమా? మధ్యాహ్నం అన్నం తిని రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టేశాను. చెయ్యి కడుక్కుని వచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మూత మీద అమ్మ మొహం తిప్పేసుకుంది."

డ్రైవరు ముందుకు వంగాడు.

"ఎటు?" అన్నాడు, మెల్లగా.

"వాడి డబ్బా వైపు. ఎదురుగా చూసే మనిషి, నాకు చెంప మాత్రమే కనబడుతోంది. మూత తిప్పి పెట్టాను. మళ్ళీ అటే తిరిగింది. కాసేపటికి చెవికమ్మ మాయం, చూస్తే వాడి మూత మీద మెరుస్తోంది. ఇంకాసేపటికి నా మూత మీద ఉత్త కొప్పు. గోడౌనుకి పరిగెత్తి పెట్టెలన్నీ విప్పాను. ఏ మూత చూసినా ఖాళీ! చుట్టూ గీత ఉంది, పేరుంది, మధ్యలో అమ్మ లేదు. తాకితే వెచ్చగా ఉన్నాయిరా, ఇప్పుడే మనిషి లేచి వెళ్ళిన కుర్చీలాగా."

"అబ్బ, చాలు బావా. ఒళ్ళు జలదరిస్తోంది" అన్నాడు దర్జీ.

"విచారణ రోజు సంగతి వింటే ఏమైపోతావో! నా ఖాళీ మూత చూసి ఆఫీసరు 'దీని మీద బొమ్మే లేదు, ఇంక పోలికేంటయ్యా?' అన్నాడు. నాకు తిక్కరేగి 'అమ్మా!' అని ఒక్క కేక పెట్టాను. వాడి డబ్బా దానంతటదే గిర్రున తిరిగింది. బీరువాల్లో వేరేవాళ్ళ మార్కుల కాయితాల మీదున్న గుర్రాలూ నెమళ్ళూ సింహాలూ మొత్తం తలలు తిప్పి నన్నే చూశాయి. ఊళ్ళో ఇంటింటా అలమరల్లో మూతలు టకటకా కొట్టుకున్నాయి. నమ్మకపోతే మీ ఇంట్లో అడుగు, దర్జీ! అప్పుడు వాడి డబ్బాలోంచి, బావి అడుగునుంచి వచ్చినట్టు, 'ఎందుకురా అలా అరుస్తావు?' అని మా అమ్మ గొంతు. పోయిన మనిషి గొంతు! ఆఫీసరు కుర్చీ దిగి దణ్ణం పెట్టి, 'మార్కు మీదే బాబూ' అన్నాడు."

కొవ్వొత్తి రెపరెపలాడింది. దర్జీ కాళ్ళు బెంచీ మీదికి లాక్కున్నాడు.

"పోయిన మనిషేంటి బావా?" అన్నాడు టీ కొట్టాయన, పాలు తిరగబోస్తూ. "మీ అమ్మగారు పొద్దున ఇక్కడికొచ్చి టీపొడి కొనుక్కెళ్ళారు. పక్కనే మీ అన్నయ్య. నువ్వు చెప్పే ఆ 'వాడెవడో' మీ అన్నయ్యేగా? ఒక్క తల్లి బొమ్మ ఇద్దరూ పెట్టుకుంటే పోలిక ఉండక చస్తుందా? పైగా విచారణ వచ్చే నెల కదా, అప్పుడే గెలిచేశావా?"

డ్రైవరు పకపకా నవ్వాడు. బావ మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"వాడి దగ్గరే ఉంటానందా?" అని అడిగాడు.

"నువ్వు అభ్యంతరం పెట్టిన రోజే నీ ఇంట్లోంచి వెళ్ళిపోయారటగా. నేనూ అదే అడిగాను."

"ఏమంది?"

"'నన్ను ఎవరి పేర రిజిస్టరు చేస్తారో తేలాక కబురు చెయ్యి బాబూ. అప్పటిదాకా సంచి విప్పను' అన్నారు."