గుక్క తిప్పుకునే చోటు

గుంటూరులో సంగీతం ఆడిషన్ జరుగుతున్న హాలు బయట, మెట్ల మీద శ్రీదుర్గ కూర్చుంది. పక్కన సాయికౌశిక్. ఒకే మాస్టారి శిష్యులు. అతను మొదట చేరినవాళ్ళలో, ఆమె ఆఖర్న చేరినవాళ్ళలో. లోపల ఎవరో పాడుతున్నారు. తర్వాత పిలిచేది దుర్గనే.

“మళ్ళీ ఆగావు! అక్కడ ఆగొద్దని ఎన్నిసార్లు చెప్పాలే?”

“నేను ఆగట్లా అన్నయ్యా, గొంతే ఆగిపోతోంది.”

“సరే, మళ్ళీ. ‘ఎన్నినాళ్ళకు వచ్చితివే ఏలుకొన మమ్ము తల్లీ’. ఒక్క ఊపిరి. కానీ.”

“ఎన్నినా… ళ్ళకు వచ్చి…”

“అదిగో! మాటని కొబ్బరికాయలాగా రెండు చెక్కలు చేశావు.”

“పోయినసారి జడ్జి గారూ ఇంతే. ‘ఎన్ని నా? ఏవిటమ్మా, లెక్కపెడుతున్నావా?’ అన్నారు. అందరూ ఒకటే నవ్వు. ఈసారి కూడా పోతే ఇంక రానివ్వరు అన్నయ్యా. శ్రుతిపెట్టె అటకెక్కించేస్తానని నాన్న చెప్పేశాడు. పాట లేకపోతే నేనేం చెయ్యను? చచ్చిపోవాలనుంది.”

“ఛీ, నోర్ముయ్. ఏడిస్తే గొంతు పట్టేస్తది. నీళ్ళు తాగు. అసలీ పాడు అలవాటు ఎక్కణ్ణించి పట్టుకొచ్చావు?”

“అలవాటేంటి? మాస్టారు అలాగే చెప్పారు.”

“రాధాకృష్ణమూర్తి మాస్టారా? తను కట్టిన కీర్తన తనే విరగ్గొట్టి చెప్పారా? పోయినాయన మీద నెట్టకు. నేనూ ఆయన దగ్గరే నానా తిట్లూ తిని నేర్చుకున్నా. ఆ లైను ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్కటే లాగుడు. మధ్యలో గుక్క తిప్పుకుంటే తొడపాశం పెట్టేవారు.”

“నాకెప్పుడూ పెట్టలా. ఆయనే ఆగేవారు. నేను ఆయన్ని చూసి…”

“మిరపయార్డు వెనకవీధిలో ఇల్లాయె. ఘాటుకి దగ్గొచ్చి ఆగుంటారు. నువ్వు దగ్గుని కూడా పాఠం అనుకున్నావు.”

“నేనొక్కదాన్నేనా? మా బ్యాచి అంతా అక్కడే ఆగుతాం. వేదక్క నీ తర్వాతే కదా చేరింది? తనూ ఆగుద్ది.”

“వేదశ్రీనా? ‘ఎన్నినా’ దగ్గరా?”

“కాదు, ‘వచ్చితివే’ అయ్యాక.”

“అదేంటి? ఘాటు వేదకొక చోట, నీకొక చోట వస్తుందా?”

“ఏమో, నన్నడుగుతావేం? ఎందుకలా చూస్తున్నావు?”

“ఏం లేదు. పాడు.”

“ఏం లేకపోతే మొహం అలా అయిందేం? చెప్పు.”

“నేను చివరిదాకా పాడతా. వేద సగందాకా. నువ్వేమో… వద్దులే దుర్గా. ముందు లోపలికెళ్ళి పాడిరా.”

“చెప్పు అన్నయ్యా!”

“మాస్టారు పోయిన రోజు ఆసుపత్రిలో డాక్టరు ఏమన్నాడో గుర్తుందా?”

“ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి, ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చాడో అన్నాడు. మనమేమో ఘాటు, ఘాటు అని…”

“ఘాటని మాస్టారే అనేవారుగా. దగ్గి, నవ్వి, కిటికీ వెయ్యమనేవారు. మనం లేచి కిటికీ వేసి మళ్ళీ పాటకి కూర్చునేవాళ్ళం.”

“అయ్యో. అయ్యో, అన్నయ్యా. రోజూ ఎదురుగానే కూర్చున్నాం కదా!”

“ఏడవకు. అదిగో, పేరు పిలుస్తున్నారు. కళ్ళు తుడుచుకో. ఒక్క ఊపిరి, అంతే. చిన్నపిల్లవి, నీకు ఊపిరికేం తక్కువ? పాడగలవు.”

“పాడగలను. ఇప్పుడు పాడగలను. కానీ పాడను.”

“పిచ్చిదానా, ఇదే ఆఖరి ఛాన్సు! ఆ చోట ఆగితే నిన్ను బయటికి పంపేస్తారు!”

“పంపనీ. నేను చేరేటప్పటికి ఆయనకి అంతే ఊపిరి మిగిలింది అన్నయ్యా. అదంతా నాకు పాఠం చెప్పడానికే ఖర్చుపెట్టారు.”