ముగ్గులో అఆలు

మా అమ్మను ఠాణాకు పట్టుకుపోతారనేదే నా భయం. నిజాం సర్కారు అనుమతి లేకుండా సూర్యాపేటలో ఆడపిల్లలకు తెలుగు నేర్పుతోంది. మొన్న కోదాడ నుంచి చంటిదాన్ని ఎత్తుకుని వెళ్లి బతిమాలాను.

“అమ్మా, ముసలిదానివైతివి. ఇగ బడి బంద్ చెయ్యరాదే!”

“బడెక్కడిదే? రాములవారి గుడి ముంగట ముగ్గులు నేర్పుతున్న.”

“ఆ ముగ్గుల అఆలు నాకు కనబడ్తలేవా?”

“పెండ్లయి సదువు ఆగినా మరువలేదన్నమాట!”

“నవ్వకే. జవాను సూస్తే?”

“నిన్ననే సూసిండు. తెలుగు రాదాయె. తొక్కకుండ పక్కకు జరిగి, మంచిగున్నదన్నడు.”

“తెలుగొచ్చినోడు వచ్చి పట్టుకపోతే?”

“ఠాణాకు గూడ వాకిలుంటది గదనే. గాడ ముగ్గేస్త.”

అమ్మ కాళ్లకు మొక్కి వచ్చేశాను. సూర్యాపేటకు వెళ్లేవారెవరైనా మా వెంకమ్మ పంతులమ్మను ఒక్కసారి చూసి, ఎలా ఉందో నాకు చెప్పండి.